యొర్దాను నీళ్లు

మా తల్లాడ నాలుగు బాటలు గలియు కూడలిగ్రామము. ఖమ్మమునుండి సత్తుపల్లికి బోవు బాటయు, కొత్తగూడెము మీదుగా భద్రాచలమునకు బోవు బాటయు నిచ్చటనే చీలుచున్నవి. కావున యాత్రికులను జూచుట మాకు క్రొత్త గాదు. అయితే కొంతకాలము క్రిందట మా యూరి క్రైస్తవ వృద్ధురా లొకామె భద్రాద్రికంటెను, కాశికంటెను దూరపు యాత్ర ముగించుకొని వచ్చినది. కూలి డబ్బులలో నేండ్లతరబడి దాచిన సొమ్మునకు కొడుకు చేసిన యప్పును జేర్చి, ఆమె యెరూషలేమును, బేత్లెహేమును, నజరేతును దర్శించెను. కాశినుండి వచ్చినవారు గంగను పంచిపెట్టునట్లే, ఆమెయు వాడలోని వారందఱికిని తలయొక చెంచా యొర్దాను నీరు పంచిపెట్టెను. నా కొక చిన్న సీసా నిచ్చి, “సారూ, మీరు చదువుకున్నోళ్లు. ఏసయ్య బాప్తిస్మం పుచ్చుకున్న కాడి నీళ్లే గదా ఇవి?” అని యడిగెను.

ఆమె చెప్పిన గురుతులనుబట్టి యా స్థలమేదో నాకు దెలిసినది. గలిలయ సరస్సునుండి యొర్దాను నది వెలువడుచోట, మెట్లును కమ్ములును గట్టి యాత్రికులకై యేర్పఱచిన యార్దెనీతు అను రేవు అది. దాని పుట్టుక 1981వ సంవత్సరము. ప్రాచీనులు యేసు బాప్తిస్మస్థలముగా నెంచిన రేవు అచ్చటికి దక్షిణముగా దాదాపు నూఱు కిలోమీటర్ల దూరమున, యెరికో పట్టణసమీపమున నున్నది. 1967 యుద్ధము పిమ్మట ఆ ప్రదేశము సైనికుల కాపుదలలో జిక్కి యాత్రికులకు దుర్గమము కాగా, దానికి బదులుగా నీ రేవు వెలసినది. పాతరేవు 2011లో మరల దెఱవబడినది. దాని కెదుటి యొడ్డున, జోర్డాను దేశములోనున్న అల్-మగ్తాసు 2015లో ప్రపంచవారసత్వ స్థలములలో జేర్చబడినది. అయినను పెక్కు యాత్రికబృందములు సౌకర్యమును జూచుకొని యార్దెనీతుననే మునిగి తిరిగివచ్చుచున్నవి.

ఈ సంగతి యామెకు జెప్పుదునా, మానుదునా? చెప్పినచో ముసలిప్రాణమునకు నొప్పి కలుగును. చెప్పనిచో విద్య నేర్చి ఫలమేమి? ఈ చిక్కు నన్ను పుస్తకములయొద్దకు నడిపించినది.

పుణ్యస్థలములకును చరిత్ర కలదని మనము మఱచుచుందుము. క్రీ.శ. 70లో రోము సేనాని తీతు యెరూషలేమును నేలమట్టము గావించెను. రెండవ శతాబ్దిలో హేడ్రియను చక్రవర్తి యా శిథిలములపై రోమను పట్టణమును నిర్మించి, ఊరి పేరు సైతము మార్చెను. యేసు మరణించిన మూడువందల యేండ్లకు గాని కాన్‌స్టంటైను చక్రవర్తి కట్టించిన సమాధిదేవాలయము ప్రతిష్ఠింపబడలేదు. అది 335లో జరిగినది. బోర్డో పట్టణమునుండి 333లో వచ్చిన యొక యజ్ఞాతయాత్రికుడు తన మజిలీల పట్టికను వ్రాసియుంచెను. ఆ శతాబ్ది చివరిభాగమున ఎగేరియా యను స్త్రీ యెరూషలేము, సీనాయి ప్రాంతములు తిరిగి, తాను జూచినదెల్ల స్వదేశమందలి సోదరీమణులకు లేఖగా వ్రాసెను. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో కాశికి బోయి, దారి విశేషములను చెన్నపట్టణమునందలి మిత్రునకు దెలిపిన విధమే యిది. చూచినది చూచినట్లు వ్రాసిన యిట్టి యాత్రికులవలననే ఏ స్థలము ఏ కాలమున పూజ్యమయ్యెనో మనము తెలిసికొనగలుగుచున్నాము.

వారి వ్రాతలను, పురావస్తుశోధకుల త్రవ్వకములను జోడించి చూచినచో నా పుణ్యస్థలములు మూడు తెగలుగా విడివడును.

మొదటివి సందేహమునకు తావులేనివి. యెరూషలేము నగరము, గలిలయ సరస్సు, కపెర్నహూము శిథిలములు ఈ తెగలోనివి. కైసరయలో 1961లో పొంతి పిలాతు పేరు చెక్కిన రాతిపలక దొరకినది. 1986లో అనావృష్టివలన గలిలయ సరస్సు వెనుకకు దీయగా, ఒండ్రుమట్టిలో నెనిమిది మీటర్లకు మించిన పొడవుగల పడవ బయటపడినది. అది యేసు కాలమునకు సమీపమైనదని శోధకులు నిర్ణయించిరి. 2004లో యెరూషలేమున మురుగుగొట్టమును బాగుచేయుచుండగా సిలోయము కోనేటి మెట్లు కనబడినవి.

రెండవవి ప్రాచీనవిశ్వాసమే యాధారముగా గలవి. బేత్లెహేమునందలి గుహను గూర్చి రెండవ శతాబ్దిలోనే జస్టిన్ అను క్రైస్తవపండితుడు ప్రస్తావించెను. సమాధిదేవాలయమున్న చోటు యేసు నాటికి నగరకుడ్యమునకు వెలుపలి రాతిగనియనియు, అచ్చట యూదుల సమాధులు కలవనియు త్రవ్వకములు దెలిపినవి. ఇదియే యా సమాధియని రుజువు చేయజాలము. కాని యా విశ్వాసము నిరాధారమని త్రోసివేయుటకును వీలులేదు.

మూడవవి తరువాతివారి భక్తియో, సౌకర్యమో, ఊహయో కల్పించినవి. యేసు సిలువ మోసిన దారియని చూపు వీథులకును పదునాలుగు మజిలీలకును నేటి రూపము మధ్యయుగములనుండి క్రమక్రమముగా నేర్పడినది. 1883లో గార్డను అను ఆంగ్లసేనాని తన యూహవలన వ్యాప్తిలోనికి దెచ్చిన ఉద్యానసమాధి, యేసునకు కొన్ని శతాబ్దుల పూర్వమే తొలిచినదని పురావస్తువేత్తలు తలంచుచున్నారు. యార్దెనీతును ఈ తెగలోనిదే.

ఇట్లు విడదీసి చూచుట భక్తికి ద్రోహమా? ప్రాచీన క్రైస్తవాచార్యు లట్లు తలంపలేదు. నాలుగవ శతాబ్దివాడైన నిస్సా గ్రెగరీ తాను యెరూషలేమును జూచివచ్చియు, యాత్ర క్రైస్తవునకు విధికాదనియు, చోటు మారినంతమాత్రమున మనిషి దేవునికి దగ్గఱ గాడనియు వ్రాసెను. బేత్లెహేముననే కాపురముండి బైబిలును లాటినులోనికి దెచ్చిన జెరోము పండితుడు సైతము, పరలోకమునకు యెరూషలేమునుండి యెంత దూరమో బ్రిటనునుండియు నంతే దూరమని మిత్రునకు హితవు చెప్పెను. తీర్థయాత్రలను గూర్చి మన వేమన చేసిన హెచ్చరికయు నిదియే గదా! మాకు చేరువనున్న దోర్నకల్లులో అజరయ్య బిషపుగారు కట్టించి, 1939లో ప్రతిష్ఠించిన దేవాలయమున మన గుడుల పోలికలును, మసీదుల పోలికలును గలవు. పుణ్యభూమిని పరదేశముననే వెదకనక్కఱలేదని ఆ స్తంభములే చెప్పుచున్నట్లుండును.

యాత్ర మానుమని నా యభిప్రాయము గాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2008లో యెరూషలేము యాత్రికులకు ధనసహాయము ప్రారంభించెను. విభజనానంతరము ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో నా సహాయమును, మూడు లక్షలలోపు వార్షికాదాయము గలవారికి నలువదివేల రూపాయలనుండి అఱువదివేలకు, అంతకు మించిన యాదాయము గలవారికి ఇరువదివేలనుండి ముప్పదివేలకు బెంచెను. ప్రజాధనము వినియోగమగుచోట ప్రజలకు నిజమును జెప్పవలసిన బాధ్యతయు హెచ్చును. బయలుదేరకముందే యాత్రికునకు దెలుగున నొక చిన్నపుస్తక మీయవలెను. ఏది నిశ్చయము, ఏది విశ్వాసము, ఏది నేటి యేర్పాటు అని యందు విప్పి చెప్పవలెను. అప్పు చేసి యాత్ర చేయుట యే మతమునను విధి గాదనియు నందు వ్రాయవలెను.

తుదకు నేనా వృద్ధురాలికి నున్నదున్నట్లు చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “ఈ మాట ఆడనే చెప్తే ఏం పోయింది సారూ? ఇంకొక్క దినం ఓర్చుకొని ఆ రేవుకే పోదుము గదా!” అనెను. ఆమె నొచ్చుకొన్నది రేవు వేఱగుటకు గాదు, తనకు జెప్పకుండుటకు. చదువురానివారికి నిజము భరింపరానిదని తలంచు మనవంటివారి పొరపాటు నాకప్పుడు బోధపడినది.

సీసాను చేతికి దీసికొని, “అమ్మా, ఇది గలిలయ సరస్సునుండి అప్పుడే వెలువడిన నీరు. ఆయన శిష్యులు వలలు వేసినది ఆ సరస్సులోనే. అందులో ఎవరికీ అనుమానం లేదు” అంటిని. ఆమె సీసాను మరల నడిగి పుచ్చుకొని, వెలుతురున కెత్తి చూచి, నా బల్లమీదనే పెట్టి వెళ్లెను. మఱునాడు ఆమె వాడలో నీళ్లు పుచ్చుకొన్న యిండ్లకెల్ల బోయి, ఇవి బాప్తిస్మపు రేవు నీళ్లు కావు, గలిలయ సరస్సు నీళ్లు అని చెప్పి వచ్చినదట.