వీసాలో లేని ఊరు

కొత్త జంట ఊటీ చూడదలిస్తే రైలు టికెట్టు చాలు. వధువుది కరాచీ అయితే ఆమె వీసాలో ఊటీ పేరు కూడా ఉండాలి.

ఈ కట్టడి విభజననాటిది. 1948 జులైలో పశ్చిమ పాకిస్థాన్ నుంచి వచ్చేవారికి భారత్ పర్మిట్ తప్పనిసరి చేసింది; 1952లో పాస్‌పోర్టు, వీసా వచ్చాయి. హైదరాబాదు, కరాచీల మధ్య వియ్యాలు మాత్రం ఆగలేదు. (మేనరికం సరిహద్దును ఎన్నడు లెక్కచేసింది?) 2012 ఒప్పందం సందర్శకులు తిరగదగిన ఊళ్లను మూడు నుంచి ఐదుకు పెంచింది, దంపతులకు వీసా గడువును రెండేళ్ల వరకు అనుమతించింది. ఔదార్యమే, కానీ ఊళ్ల లెక్క పోలేదు. పౌరసత్వపు దరఖాస్తుకైతే ఏడేళ్ల నివాసం కావాలి.

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తరువాత సాధారణ వీసాలు రద్దయ్యాయి. దీర్ఘకాలిక వీసా చేతికందినవారు నిలిచారు. దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉన్న కోడళ్లలో కొందరు అట్టారీ దారి పట్టారు; వారిలో ఒకామెను వెనక్కి రప్పించాలని జమ్మూ కాశ్మీర్ హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది.