పోలండ్‌లో యూదు యువజన సంఘాలు: అస్తిత్వం, నాయకత్వం (1918–1943)

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పోలండ్‌లో యూదు యువజన సంఘాలు బలపడటానికి గల కారణాలను తెలుపగలుగుతారు.
• ఆ సంఘాలు నాయకులను తయారుచేసిన పద్ధతిని వివరించగలుగుతారు.
• వార్సా ఘెటోలో నాయకత్వం పెద్దల నుండి యువత చేతికి ఎందుకు మారిందో చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

1943 ఏప్రిల్ 19న వార్సా ఘెటోలో జర్మన్ బలగాలపై సాయుధ తిరుగుబాటు మొదలైంది. ఘెటో అంటే యూదులను గోడల మధ్య నిర్బంధించి ఉంచిన పేట. ఆ తిరుగుబాటుకు నాయకత్వం వహించిన మొర్దెకాయ్ అనీలెవిచ్‌కు అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఆయన సహచరుల్లో ఎక్కువమంది ఇంచుమించు అదే వయసువారు. మతగురువులు, రాజకీయ పక్షాల పెద్దలు, సంపన్నులు ఉన్న సమాజంలో ఇంత చిన్నవారు ముందుకు ఎలా వచ్చారు? వారి ధైర్యం ఒక్కటే దీనికి సమాధానం కాదు. అంతకు ఇరవై ఏళ్ల ముందు నుండి సాగిన శిక్షణలో దీని మూలాలు ఉన్నాయి.

2. నేపథ్యం

1918లో పోలండ్ తిరిగి స్వతంత్ర దేశమైంది. 1931 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 31 లక్షల మంది యూదులు ఉండేవారు. అంటే దేశ జనాభాలో దాదాపు పదోవంతు. ఈ కాలంలో పెరిగిన పిల్లలు ఇంట్లో యిద్దిష్ మాట్లాడేవారు. బడిలో పోలిష్ నేర్చుకునేవారు, ప్రార్థనలో హీబ్రూ వినేవారు. తాము పోలండ్ పౌరులమని చదువుకున్నా, విశ్వవిద్యాలయాలు యూదుల ప్రవేశాలను పరిమితం చేసేవి. 1937 నుండి అనేక విశ్వవిద్యాలయాల్లో యూదు విద్యార్థులను వేరే బెంచీలపై కూర్చోబెట్టారు. తండ్రుల వృత్తుల్లో బతుకుదెరువు లేదు, కొత్త ఉద్యోగాల్లో చోటు లేదు. ‘నేనెవరిని?’ అనే ప్రశ్న వారికి రోజువారీ జీవిత సమస్య అయింది.

ఈ ప్రశ్నకు సంబంధించి విల్నా నగరంలోని యీవో అనే పరిశోధన సంస్థ 1932, 1934, 1939లలో యువత కోసం ఆత్మకథల పోటీలు నిర్వహించింది. మొత్తం ఆరువందలకు పైగా ఆత్మకథలు వచ్చాయి. సామాన్య యువతీయువకుల మనోభావాలను తెలుసుకోవడానికి చరిత్రకారులకు ఇవి విలువైన ఆధారాలు.

3. యువజన సంఘాలు – శిక్షణ పద్ధతి

ఈ పరిస్థితుల్లో యువజన సంఘాలు వేగంగా విస్తరించాయి. వాటిలో ముఖ్యమైనవి:

(అ) హషోమెర్ హత్సాయిర్: 1913లో గలీషియాలో ఏర్పడింది. స్కౌటు పద్ధతిని, పాలస్తీనాలో యూదుల సమష్టి వ్యవసాయ క్షేత్రాల ఆశయాన్ని, సామ్యవాదాన్ని కలుపుకుంది.
(ఆ) ద్రోర్: శ్రామిక జియోనిస్టు భావాలు గల సంఘం.
(ఇ) త్సుకున్ఫ్ట్: 1897లో స్థాపితమైన బుండ్ అనే యూదు సామ్యవాద పార్టీ యువజన విభాగం. యూదుల భవిష్యత్తు వలసలో కాదు, పోలండ్‌లోనే ఉందని వాదించింది.
(ఈ) బేతార్: 1923లో రీగాలో ప్రారంభమైంది. సైనిక క్రమశిక్షణకు, జాతీయవాదానికి ప్రాధాన్యమిచ్చింది.

సిద్ధాంతాల్లో ఇవి పరస్పరం విభేదించినా, పనిచేసే తీరులో పోలికలు ఉన్నాయి. సభ్యులను చిన్న చిన్న బృందాలుగా విభజించేవారు. బృందానికి మార్గదర్శి సభ్యులకంటే కొన్నేళ్లు మాత్రమే పెద్ద. చర్చలు నడపడం, వేసవి శిబిరం ఏర్పాటుచేయడం, గోడపత్రిక తేవడం వంటి పనులన్నీ యువతే చేసేవారు. నిన్నటి సభ్యుడు రేపు మార్గదర్శి అయ్యేవాడు. బాలికలకు కూడా బాధ్యతలు అప్పగించేవారు. ఈ విధంగా అస్తిత్వ చైతన్యం, నాయకత్వ శిక్షణ కలిసే సాగాయి. తానెవరో తెలుసుకున్న బృందంలోనే బాధ్యత మోయడం కూడా నేర్చుకున్నారు.

4. యుద్ధకాలం

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్‌పై దాడి చేసింది. చాలామంది నాయకులు తూర్పు దిక్కుకు తరలిపోయారు. యువజన సంఘాల నాయకులు కూడా కొందరు విల్నా చేరారు. అయితే అనీలెవిచ్, త్సివియా లుబెట్కిన్, యిట్జాక్ జుకర్మన్ వంటివారు 1940లో జర్మన్ ఆక్రమిత ప్రాంతానికి తిరిగి వచ్చారు. తమ బృందాల పిల్లలు అక్కడే ఉన్నారన్నది వారిని కదిలించిన ముఖ్య కారణం.

1940 నవంబరులో వార్సా ఘెటోను మూసివేశారు. నాలుగు లక్షలకు పైగా ప్రజలు అందులో చిక్కుకున్నారు. సంఘాలు రహస్యంగా తరగతులు నడిపాయి, పత్రికలు వెలువరించాయి. తోస్యా ఆల్ట్‌మన్, ఫ్రుమ్కా ప్లోట్నిత్స్కా వంటి యువతులు మారుపేర్లతో ఒక ఘెటో నుండి మరో ఘెటోకు వార్తలు చేరవేశారు. వార్తాహరుల్లో స్త్రీలే ఎక్కువ. సున్తీ గుర్తు వల్ల పురుషులు పట్టుబడే ప్రమాదం ఉండేది. పైగా బాలికల్లో చాలామంది పోలిష్ బడుల్లో చదివి ఆ భాష ధారాళంగా మాట్లాడేవారు.

ఈ సమాచార వ్యవస్థ వల్లనే విల్నా సమీపంలోని పొనారీ హత్యాకాండ వార్త యువజన నాయకులకు చేరింది. 1941 డిసెంబరు 31 రాత్రి విల్నాలో 23 ఏళ్ల అబ్బా కోవ్నెర్ తన ప్రకటనను వినిపించాడు. ఇది విడివిడిగా జరిగిన హింస కాదని, యూదులందరినీ అంతం చేసే పథకమని హెచ్చరించాడు.

5. నాయకత్వ మార్పు

1942 జూలై 22న వార్సా నుండి ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలింపులు మొదలయ్యాయి. మరునాడే యూదు మండలి అధ్యక్షుడు ఆదాం చెర్నియాకూవ్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఎదిరిస్తే ఘెటో మొత్తాన్ని నాశనం చేస్తారని పెద్దలు కొందరు భయపడ్డారు. జూలై 28న హషోమెర్ హత్సాయిర్, ద్రోర్, అకీవా సంఘాలు కలిసి యూదు పోరాట సంస్థను స్థాపించాయి. సెప్టెంబరు నాటికి సుమారు 2,65,000 మందిని ట్రెబ్లింకాకు తరలించారు. ఆ తరువాతే బుండ్ ఈ సంస్థలో చేరింది. బేతార్‌కు చెందినవారు విడిగా మరో సంస్థగా పోరాడారు.

1943 తిరుగుబాటులో ఈ పోరాట సంస్థ దళాలు సంఘాల వారీగానే ఏర్పడ్డాయి. వేసవి శిబిరాల్లో కలిసి పెరిగినవారు ఒకే దళంలో నిలబడ్డారు. మే 8న మీవా వీధి 18వ నంబరు కింది స్థావరంలో అనీలెవిచ్ మరణించాడు. మే 16న జర్మన్లు వార్సా మహా ప్రార్థనామందిరాన్ని పేల్చివేశారు. ప్రాణాలతో మిగిలిన లుబెట్కిన్, జుకర్మన్ 1949లో ఇజ్రాయెల్‌లో స్థాపితమైన ఘెటో పోరాటవీరుల కిబ్బుత్జ్ వ్యవస్థాపకుల్లో ఉన్నారు.

6. ఒక పరిశీలన

పెద్దలు పిరికివారు, యువకులు ధీరులు అని తేల్చడం చరిత్రకు న్యాయం చేయదు. యూదు మండలి లక్షల మందికి రొట్టె, వసతి చూడవలసి వచ్చింది. పిల్లలు, ముసలి తల్లిదండ్రులు ఉన్న మనిషి చేసే ఒక్క పనికి కుటుంబమంతా శిక్ష అనుభవించేది. యువతలో చాలామందికి భార్యాబిడ్డల భారం లేదు. ఒకరినొకరు నమ్మే బృందం, వార్తలు తెచ్చే మార్గం వారికి ముందే ఉన్నాయి. అలాగే సంఘాల మధ్య సిద్ధాంత విభేదాలు ఐక్యతను ఆలస్యం చేశాయన్నది కూడా గుర్తించాలి.

7. సారాంశం

ఆపద నాయకులను సృష్టించలేదు. మామూలు రోజుల్లో తయారైన నాయకులను అది బయటపెట్టింది. చిన్న బృందం, సమవయస్కుల మార్గదర్శకత్వం, యువతపై నిజమైన బాధ్యత అనే మూడు అంశాలు పోలండ్ యూదు యువతకు అస్తిత్వాన్ని ఇచ్చాయి. వ్యవస్థలన్నీ కూలినప్పుడు నిలిచినవి ఆ బృందాలే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పోలండ్ యూదు యువత ఎదుర్కొన్న అస్తిత్వ సమస్యను వివరించండి.
2. యువజన సంఘాల శిక్షణ పద్ధతికి, 1943 తిరుగుబాటుకు గల సంబంధాన్ని తెలపండి.
3. వార్తాహరులుగా యువతులు నిర్వహించిన పాత్రను చర్చించండి.