వదులుకోవడం

నేను చదివింది ఇంగ్లీషు మీడియం. అరవై దాటాక తెలుగు రాయడం నేర్చుకుంటున్నాను. తప్పులుంటే చెప్పండి. ఈసారి కువైట్ చరిత్ర.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అప్పుడు నా ఉద్యోగం అక్కడే. లక్షకు పైగా భారతీయులు జీతాలూ సామానూ వదిలేసి బయటపడ్డారు. చాలామంది అమ్మాన్ చేరి ఎయిరిండియా విమానం ఎక్కారు. నేనూ అలాగే వచ్చాను.

1991లో ఐక్యరాజ్యసమితి జెనీవాలో పరిహార కమిషన్ పెట్టింది. డబ్బు ఇరాక్ చమురు ఆదాయం నుంచి. 'ఎ' కేటగిరీ కువైట్ వదిలి వచ్చినవాళ్ళకు: ఒక్క మనిషికి 2,500 డాలర్లు. "ఇంకే కేటగిరీలోనూ అడగను" అని ఒప్పుకుంటే 4,000. గాయాలకు, మరణాలకు 'బి'. పోయిన జీతానికి, సామానుకు లక్ష డాలర్ల వరకు 'సి'.

రాయచోటి దర్జీ ఒకాయనకు నేనే ఫారం నింపాను. "ఎక్కువ వచ్చేదే పెట్టండి సార్" అన్నాడు. 4,000 దగ్గర టిక్కు పెట్టాను. షరతు నాకు అర్థమైంది. తెలుగులో చెప్పడానికి మాట దొరకలేదు. "తర్వాత ఏమీ ఉండదు" అన్నాను. ఆయన తల ఊపాడు.

తర్వాత ఆయన జీతం బాకీ, కుట్టుమిషన్ల లెక్క రాసుకుని వచ్చాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాను.

"దీనికి పైకోర్టు లేదా సార్?"

లేదు. కమిషన్ నిర్ణయమే ఆఖరు. లెక్క తప్పు, అచ్చు తప్పు ఉంటే మాత్రం 60 రోజుల్లో సరిచేయమని అడగవచ్చు. నా టిక్కు అచ్చు తప్పు కాదు.

అమెరికాలో గాయపడిన మాజీ సైనికుల పరిహారానికి 1933 నుంచి అప్పీలు బోర్డు ఉంది. జెనీవాకు వచ్చినవి సుమారు 27 లక్షల దరఖాస్తులు. ఒక్కొక్కటీ మళ్ళీ వింటే మా తరం అయిపోయేది. అది న్యాయమే అనుకుంటాను. కానీ అప్పీలు లేని చోట మొదటి సంతకమే చివరిది. ఆ సంతకం ముందు మాట్లాడింది నేను.

కమిషన్ 2022లో చెల్లింపులు పూర్తి చేసింది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు.

ఇప్పుడు గుడిలో సేవ చేస్తుంటే పెద్దవాళ్ళు ఫారాలు తెస్తారు. సంతకానికి ముందు అడుగుతాను: "దీనివల్ల ఏం వదులుకుంటున్నారో మీ మాటల్లో చెప్పండి."

ఈ వారం మాటలు: పరిహారం, షరతు, బాకీ, వదులుకోవడం. చివరిది నేను ముప్పై ఏళ్ళు ఆలస్యంగా నేర్చుకున్నాను.