శంషాబాదు విమానాశ్రయము: సాఫ్ట్‌వేరులో మార్పు, స్థిరత్వము

2008 మార్చి 23న హైదరాబాదు ప్రయాణికుల విమానములు బేగంపేటను విడిచి శంషాబాదుకు తరలినవి. ఆ సంవత్సరమే జూన్ 1 నుండి అంతర్జాతీయ వాయురవాణా సంఘమువారు కాగితపు టిక్కెట్లకు స్వస్తి చెప్పిరి. నాటినుండి నేటివరకు ఈ విమానాశ్రయమున జరిగిన మార్పులు సాఫ్ట్‌వేరు నిర్మాణమునకు మంచి పాఠము.

ఇట్టి సాఫ్ట్‌వేరులో రెండు భాగములు గలవు. ప్రయాణికుడు చూచి, తాకి వాడుకొనునది ముందు భాగము. దీనిని ఫ్రంట్ ఎండ్ అందురు. సీట్ల లెక్కను, ప్రయాణికుల పట్టికను భద్రపరచునది వెనుక భాగము, అనగా బ్యాక్ ఎండ్. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐ.బి.యం. సంస్థలు కలసి నిర్మించిన సేబర్ అను వ్యవస్థ 1960 దశకములోనే ఈ వెనుక పనిని కంప్యూటరుకు అప్పగించెను.

ముందు భాగము మాత్రము మారుచునే యున్నది. అట్టపై అచ్చువేసిన బోర్డింగు పాసు సెల్‌ఫోను తెరపైకి వచ్చెను. ముఖమును చూచి గుర్తించు డిజియాత్ర 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసులలో మొదలై, 2023లో శంషాబాదుకు వచ్చెను.

ఇన్ని మార్పులకు వెనుక భాగము కదలిపోలేదు. ఏల? రెండింటి నడుమ ఒక ఒప్పందము గలదు. పాసుపై నుండు బార్‌కోడులో ఒక్క ప్రయాణమునకు తప్పనిసరియైన వివరములకు 60 అక్షరముల చోటు నిర్ణయింపబడినది. అందు పేరుకు 20. వీని వరుస మారదు. క్రొత్త వివరములు కావలసినచో ఆ 60 తరువాత చేర్చవచ్చును. స్థిరత్వము మొదటి దానిలో, మార్పునకు అవకాశము రెండవ దానిలో నున్నవి.

ఇట్టి ఒప్పందము తప్పినచో ఏమగును? 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ తన రక్షణ సాఫ్ట్‌వేరునకు ఒక మార్పును పంపెను. అది 21 వివరములను ఆశించెను. లోపలి ప్రోగ్రాము అందించినవి 20 మాత్రమే. లేని 21వ దానిని చదువబోయి సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలినవి. వేగముగ మారవలసిన భాగము, నిలకడగ నుండవలసిన భాగముతో పొసగకపోవుటయే దీనికి కారణము.

కంప్యూటర్లు మొరాయించిన ఆ దినముననే శంషాబాదులో ఇండిగోవారు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి యిచ్చిరి. తెర లేదు, బార్‌కోడు లేదు. అయినను పేరు, ప్రయాణమార్గము, సీటు మున్నగు వివరములున్నవి గనుక ఆ కాగితము చెల్లినది.

కావున క్రొత్త సాఫ్ట్‌వేరును నిర్మింపబూనిన విద్యార్థి మొదట తెరను గాని, యంత్రమును గాని తలపోయరాదు. రెండు భాగముల నడుమ ఏ వివరములు, ఎన్ని, ఏ వరుసలో సాగవలెనో కాగితముపై వ్రాసికొనవలెను. అది స్థిరపడినచో మిగిలినదంతయు నిర్భయముగ మార్చుకొనవచ్చును.