అడ్డతీగల: అల్లూరి దాడికి 43 ఏళ్ల ముందే స్టేషన్‌కు నిప్పు.. ఎవరీ ద్వారబంధాల చంద్రయ్య?

అడ్డతీగల పోలీస్ స్టేషన్ అనగానే 1922 అక్టోబర్ 15న అల్లూరి సీతారామరాజు చేసిన దాడే గుర్తొస్తుంది. అయితే 1879లోనే ఇదే స్టేషన్‌ను తగలబెట్టిన వీరుడు ఒకరున్నారు. ఆయనే ద్వారబంధాల చంద్రయ్య. ఈ తరంలో చాలామందికి ఆయన పేరు కూడా తెలియదు.

గొడవ ఎక్కడ మొదలైంది?

కల్లు దగ్గర! కొండల్లో జీలుగు కల్లు, తాటి కల్లు అంటే తాగుడు ఒక్కటే కాదు. పండగైనా, పెళ్లైనా, తిండి దొరకని రోజైనా అదే ఆధారం. బ్రిటిష్ సర్కార్ కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా అడ్డుకుంది. కల్లు పాటను కాంట్రాక్టర్లకు అప్పగించింది. దీనికి తోడు రంప మన్సబ్‌దారు 'చిగురు పన్ను' పేరుతో అదనంగా పిండేవాడు. పోలీసుల వేధింపులు, వడ్డీ వ్యాపారులు కోర్టు డిక్రీలతో పశువులను, పంటను పట్టుకుపోవడం.. అన్నీ కలిసి జనాన్ని తిరగబడేలా చేశాయి.

కొండంతా మంటలే

1879 మార్చిలో చోడవరం వైపు (ఇప్పటి రంపచోడవరం) తిరుగుబాటు మొదలైంది. ఏప్రిల్‌లో విశాఖ జిల్లా గొల్గొండ కొండలకు, జులైలో భద్రాచలం ప్రాంతంలోని రేకపల్లెకు పాకింది. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి లాంటి నాయకులతో పాటు చంద్రయ్య కూడా ముందు నిలిచారు. అడవి దారులు తెలిసిన మన్యం వాళ్లను పట్టుకోవడం పోలీసుల వల్ల కాలేదు. చివరికి మద్రాసు సైన్యం నుంచి ఆరు పదాతి దళాలను, హైదరాబాద్ కంటింజెంట్ బలగాలను దించాల్సి వచ్చింది!

చంద్రయ్య ఏమయ్యారు?

1879 చివరికి ఆయన అనుచరులు చాలామంది పట్టుబడ్డారు. 1880 ఫిబ్రవరిలో జంపా పండయ్య అనే వ్యక్తి చేతిలో చంద్రయ్య హతమయ్యారు. అదే ఏడాది తమ్మన్నదొర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. సర్కార్ కూడా వెనక్కి తగ్గక తప్పలేదు. మన్సబ్‌దారును తొలగించి, రంపను నేరుగా తన చేతిలోకి తీసుకుంది.

ఎందుకు గుర్తుంచుకోవాలి?

చంద్రయ్య గురించి మిగిలిన రాతలు ఎక్కువగా ఆయన్ను వేటాడిన సర్కార్‌వే. వాటిలో ఆయనొక 'ఫితూరీదారు'. కానీ ఆయన వెంట నడిచినవాళ్లు అడిగింది తమ చెట్టు, తమ కల్లు, తమ అడవి. 1922లో అల్లూరి వెంట మన్యం కదలడానికి ఈ పాత గాయం కూడా ఒక కారణమే. అడ్డతీగల చరిత్ర చెప్పేటప్పుడు 1922తో పాటు 1879ని, అల్లూరితో పాటు చంద్రయ్యనూ తలుచుకోవాల్సిందే.