పిలానీ చూసి వచ్చాను

పిలానీ అన్న మాట 1981 వేసవిలో మన లెక్కల మాష్టారి నోట మొదటిసారి విన్నాను. పదో తరగతి దాటి రెండేళ్లయినా ఇంటర్ లెక్కలకి మేం నలుగురం ఆయన అరుగు మీదే చేరేవాళ్లం. "అక్కడ మార్కుల్ని బట్టే సీటిస్తార్రా, వేరే పరీక్ష అక్కర్లేదు" అని దరఖాస్తు ఆయనే తెప్పించారు. ఆ సంగతి మళ్లీ చెబుతాను.

నిరుడు మా తమ్ముడి కూతురికి అక్కడ సీటొస్తే తోడు వెళ్లాను. ఢిల్లీ నుంచి కారులో బయల్దేరాం. లోహారు దాటాక పొలాలు పలచబడి ఇసుక మొదలైంది. దారి పక్కన జమ్మిచెట్లు. మనం దసరాకి వెతుక్కునే చెట్టు అక్కడ అడుగడుక్కీ ఉంది. ఆ షెఖావతీ ప్రాంతంలో పాత బావులకి నాలుగు మూలలా ఎత్తైన స్తంభాలు కడతారు, నీళ్లెక్కడున్నాయో బాటసారికి దూరం నుంచే తెలియాలని.

అలాంటి చోట విశ్వవిద్యాలయం ఎలా వచ్చింది? బడి నుంచి వచ్చింది. పిలానీ వాడైన సేఠ్ శివనారాయణ్ బిర్లా బొంబాయి వెళ్లి వ్యాపారంలో నిలదొక్కుకున్నాడు. 1901లో ఇద్దరు మనవళ్లు రామేశ్వర్ దాస్, ఘనశ్యామ్ దాస్‌ల కోసం సొంత ఊళ్లో చిన్న పాఠశాల పెట్టించాడు. ఒకే ఒక్క పంతులు. అది 1925కి హైస్కూలు, 1929కి ఇంటర్మీడియట్ కాలేజీ, 1943కి డిగ్రీ కాలేజీ అయింది. చిన్నతనంలోనే బడి మానేసి వ్యాపారంలో దిగిన ఘనశ్యామ్ దాసే దీన్నంతా పెంచాడు. తనకి దక్కని చదువు మీద మనిషికి ఎంత మమకారమో!

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యానికీ పరిశ్రమలకీ పనివాళ్లు కావాలని ప్రభుత్వం పిలానీలో సాంకేతిక శిక్షణ కేంద్రం పెట్టింది. యుద్ధం అయిపోయాక, 1946లో అదే ఇంజనీరింగు కాలేజీగా మారింది. 1964లో కాలేజీలన్నిటినీ కలిపి బిట్స్ చేశారు. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బిచ్చింది, అమెరికాలోని ఎం.ఐ.టి. పాఠ్యప్రణాళికకీ ప్రయోగశాలలకీ సాయం చేసింది. 1969 నుంచి ఇరవయ్యేళ్లు డైరెక్టరుగా ఉన్న సి.ఆర్. మిత్రా హయాంలో, 1973లో, 'ప్రాక్టీస్ స్కూల్' మొదలైంది. విద్యార్థి కొన్ని నెలలు ఫ్యాక్టరీలోనో పరిశోధనశాలలోనో పనిచేస్తే అదీ చదువు కిందే లెక్క. ఇప్పుడు అందరూ చేసే ఇంటర్న్‌షిప్ ఆ రోజుల్లో వింతే.

ఆవరణలో నాకు అన్నిటికన్నా నచ్చింది సరస్వతి గుడి. 1956లో మొదలుపెట్టి 1960కి పూర్తి చేశారు. తెల్ల పాలరాయి, డెబ్భై స్తంభాలు. గోడల మీద దేవుళ్లూ ఋషులే కాదు, శాస్త్రవేత్తల బొమ్మలు కూడా చెక్కారు. సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే పచ్చికలో నెమళ్లు తిరుగుతున్నాయి. మెస్‌లో మాత్రం చెవులనిండా తెలుగే! 2008 నుంచి శామీర్‌పేటలో హైదరాబాదు క్యాంపస్ ఉన్నా మన పిల్లలు ఇంత దూరం వస్తూనే ఉన్నారు.

ఇక ఆ సంగతి. 1981లో నాకూ సీటొచ్చింది. కార్డు చూసి నాన్నగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, ఎకరం అమ్మితే చెల్లెలి పెళ్లి ఎలా అన్నారు. అందులో ఆయన తప్పేం లేదు. కానీ ఇంట్లో డబ్బు లేదని చెప్పడానికి సిగ్గుపడి, మాష్టారితో "సీటు రాలేదండీ" అన్నాను. ఆయన నమ్మారు. "నీ మార్కులకి ఎందుకు రాలేదురా" అని ఆ ఏడాదంతా బాధపడ్డారు. నేను ఊళ్లోనే బి.ఎస్సీ. చదివి బ్యాంకులో చేరాను. ఎప్పటికప్పుడు నిజం చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఆయన వెళ్లిపోయి పందొమ్మిదేళ్లు.

గడియార స్తంభం దగ్గర ఫోటో తీసి మాష్టారి అబ్బాయికి పంపబోయాను. "ఎవరికి పెదనాన్నా?" అంది పిల్ల. మా బడిలో నాకు రెండేళ్లు చిన్నవాడికి అన్నాను. చాలాసేపు ఏదో రాసి, చెరిపేసి, చివరికి 'పిలానీ' అని ఒక్క మాట రాసి పంపాను. మిగతాది అతను ఈ సంచికలో చదువుతాడు.