అంటువ్యాధుల చరిత్రలో నర్సుల మనోవ్యథ

అంటువ్యాధులను గురించిన ప్రభుత్వ నివేదికలలో మృతుల సంఖ్య ఉంటుంది, పడకల సంఖ్య ఉంటుంది, ఖర్చుల పద్దు ఉంటుంది. రోగి పక్కన రాత్రంతా మేలుకొన్న నర్సు మనఃస్థితికి మాత్రం ఏ పట్టికలోనూ గడి కనిపించదు. దస్త్రాల మధ్య ఉద్యోగజీవితం గడిపేవారికి ఇందులో వింత తోచదు. గడి గీయని విషయం పైకి నివేదింపబడదు. నివేదింపబడనిది చరిత్రకూ అందదు.

1896 సెప్టెంబరులో బొంబాయిలోని మాండ్వీ ప్రాంతంలో ప్లేగు బయటపడింది. రోగులను బలవంతంగా ఆసుపత్రులకు తరలిస్తారన్న భయం జనంలో ప్రబలింది. అక్టోబరు 29న సుమారు వెయ్యిమంది మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిపై దాడిచేశారు. లోపల రోగం, వెలుపల జనాగ్రహం. ఈ రెంటి నడుమ పనిచేసిన పరిచారకుల గుండెదిటవు ఎంతటిదో మనం ఊహించుకోవలసిందే. 1897 ఫిబ్రవరిలో వచ్చిన అంటువ్యాధుల చట్టంలో ఉన్నవి నాలుగే సెక్షన్లు. చట్టం కింద సదుద్దేశంతో చర్య తీసుకొన్నవారికి దావాల నుండి రక్షణ కల్పించారు గాని, శుశ్రూష చేసేవారిపై దాడుల ప్రసక్తి అందులో లేదు. ఆ మరుసటి నెల 10వ తేదీన సావిత్రీబాయి ఫూలే పుణెలో మరణించారు. కుమారుడు యశ్వంత్ నడిపిన చికిత్సాలయంలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆమె ఆ వ్యాధికే గురయ్యారు. ఆమె శిక్షణ పొందిన నర్సు కాకపోయినా, ఈ చరిత్రలో ఆమెకు ముందువరుసలోనే స్థానం.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా దేశంలో కోటికి పైగా ప్రాణాలను బలిగొన్నది. స్త్రీల మరణాలు పురుషుల మరణాలకన్న అధికం. తామే జ్వరంతో ఉండి ఇంటిల్లిపాదికీ ఉపచారాలు చేయవలసి రావడం అందుకు ఒక కారణమని నాడే భావించారు. నర్సులు లేని దేశంలో ఆ భారం గృహిణిపై పడక తప్పదు. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక ప్రకారం బ్రిటిష్ ఇండియాలో నర్సులు సుమారు 7,000 మంది. అంటే 43,000 జనాభాకు ఒక్కరు. మనోవ్యథకు మూలాన్ని వెదకేవారు ముందుగా ఈ అంకెను చూడాలి.

కేరళలో 2018లో తలెత్తిన నిపా దేశవ్యాప్తమైన మహమ్మారి కాదు. అయినా పేరాంబ్ర తాలూకా ఆసుపత్రి నర్సు లినీ పుదుశ్శేరి భర్తకు రాసిన చివరి చీటీ ఈ చరిత్రకు అరుదైన ఆధారం. ఇక దక్కనని గ్రహించి, పిల్లలను జాగ్రత్తగా చూసుకొమ్మని ఆమె కోరింది. మే 21న కన్నుమూసింది. అంతవరకు అంకెగా మాత్రమే కనిపించిన నర్సు అక్కడ తల్లిగా మాట్లాడింది.

2020లో కొవిడ్ వచ్చినప్పుడు దేశమంతటా నర్సుల నోట వినిపించిన మాట ఒకటే: తనకు సోకుతుందన్న భయంకన్న, తన వల్ల ఇంటివారికి సోకుతుందన్న భయమే ఎక్కువ. పి.పి.ఇ. కిట్టు తొడిగితే విధి ముగిసేదాకా మంచినీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు. నెలసరి రోజులలో ఆ బాధ చెప్పనలవి కాదు. హాస్టలు గదిలో వీడియో కాల్‌లో బిడ్డ ముఖం చూసుకోవడం, ప్రార్థన, తోటి సిస్టర్లతో నాలుగు మాటలు - ఇవే వారు వెదుక్కొన్న ఊరట. బెంగుళూరులోని నిమ్హాన్స్ సలహాకై టెలిఫోను సదుపాయం ఏర్పరచింది, మంచి పనే. కాని డ్యూటీ దిగి, సొమ్మసిల్లే వేళ ఆ ఫోను చేయవలసినది మళ్లీ ఆ నర్సే.

మే 3న వాయుసేన హెలికాప్టర్లు ఆసుపత్రులపై పూలు చల్లాయి. అదే నెలలో కలకత్తా ఆసుపత్రులలో పనిచేస్తున్న మణిపూర్ నర్సులు వందలమంది రాజీనామా చేసి ఇంటిదారి పట్టారు. ఇరుగుపొరుగు వారి ఛీత్కారం, వివక్ష భరించలేకపోయామని పలువురు చెప్పారు. ఆరోగ్య సిబ్బందిపై దాడిచేసిన వారికి శిక్షలు విధిస్తూ ఆ ఏప్రిల్‌లోనే 1897 చట్టాన్ని ఆర్డినెన్సు ద్వారా సవరించారు. 123 ఏళ్లు పట్టింది. చట్టం రాయిని ఆపగలదేమో గాని, పొరుగువారి చూపును ఆపలేదు.

అదే జులైలో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలోని ఔట్‌సోర్సింగ్ నర్సులు సమ్మె చేశారు. వారు అడిగినవి వేతనం, ఉద్యోగభద్రత. మనశ్శాంతి అన్న మాట ఆ కోరికల పత్రంలో వెదకనక్కరలేదు. నెలాఖరుకు కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియక కొవిడ్ వార్డులోకి అడుగుపెట్టే మనిషి, ఆ మాటను ఆ రెండు కోరికలలోనే చెప్పుకొంది.